పాత చీరకు ఏ దారి? బొంత, లంగా, స్టీలు గిన్నె, చేను కంచె: ఏది ఎవరికి నప్పుతుంది

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఏ ఇంటి బీరువా తెరిచినా కింది అరలో కట్టని చీరల మూట ఒకటి ఉంటుంది. పెళ్ళిళ్ళలో పెట్టినవి, ఒడిబియ్యంలో వచ్చినవి, రంగు వెలిసినా పారేయడానికి చేతులు రాక దాచినవి. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు ఆ మూట బయటికొస్తుంది. బొంత కుట్టిద్దామని అత్తమ్మ అంటుంది. స్టీలు సామాన్లామెకు వేసేద్దామని కోడలు అంటుంది. పిల్లకు లంగా కుట్టిస్తే బాగుంటుందని ఆడబిడ్డ ఫోన్లో చెప్తుంది. మాట తెగదు, మూట మళ్ళీ అరలోకే పోతుంది.

అట్లా పోవడంలోనే అసలు నష్టం ఉంది. కట్టకుండా దాచినంత మాత్రాన బట్ట చెడిపోవడం ఆగదు. మడత పడ్డచోట దారం చిట్లుతుంది, గంజి పెట్టి దాచిన నూలు చీరకు పురుగు పడుతుంది, జరీ నల్లబడుతుంది. కొన్నేళ్ళ కింద నిక్షేపంగా లంగా అయ్యే పట్టు చీర, ఇవాళ విప్పి పట్టుకుంటే మడత వెంట చీలిపోతుంది. ఇక దానికి మిగిలేది మసిబట్ట దారి కూడా కాదు, ఎందుకంటే పట్టు మసిబట్టకు పనికిరాదు. అందుకే ఏ దారి ఎంచుకున్నా బట్టలో బలం ఉండగానే ఎంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కింద రాసిందంతా ఆ నిర్ణయం తొందరగా, సరిగ్గా తీసుకోవడానికే.

## ముందు చూసుకోవాల్సినవి

బట్ట ఏమిటి. అన్నిటికన్నా ముందు తేలాల్సింది ఇదే. నూలా, పట్టా, పాలిస్టరా అన్నది కంటికి తెలియకపోతే నిప్పు చెప్తుంది. చీర చివర లోపలివైపు నుంచి పడుగు (నిలువు) దారాలు రెండు, పేక (అడ్డం) దారాలు రెండు లాగి, విడివిడిగా, గిన్నెలో నీళ్ళు దగ్గర పెట్టుకుని, చిమటాతో పట్టి అంటించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగిలితే నూలు. వెంట్రుక కాలిన కంపు వచ్చి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అయ్యే నల్ల ఉండ మిగిలితే పట్టు. కరిగి, ముడుచుకుని, ప్లాస్టిక్ వాసనతో గట్టి ఉండ మిగిలితే పాలిస్టర్. పడుగూ పేకా రెండూ ఎందుకంటే, చాలా చీరల్లో అవి వేర్వేరు. నిలువు దారం పట్టు, అడ్డం దారం నూలు ఉండొచ్చు.

2017 నుంచి కొన్నేళ్ళ పాటు ప్రభుత్వం ఇంటింటికీ పంచిన బతుకమ్మ చీరలు చాలావరకు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పాలిస్టర్ చీరలు. ఈ జిల్లాల ఇళ్ళలో వాటి దొంతరలే ఎక్కువ కాబట్టి వాటి సంగతి వేరేగా చెప్తాను.

బలం ఎంత. చీరను వెలుతురుకు ఎత్తి పట్టి చూడండి. మడతల దగ్గర, నడుము దగ్గర చెక్కిన చోట, కింద కుచ్చిళ్ళు నేలకు రాసుకున్న చోట పలచబడి ఉంటుంది. ఆ చోట్ల రెండు బొటనవేళ్ళ మధ్య జానెడు బట్ట పట్టి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి గట్టిగా లాగండి. ఏ చప్పుడూ లేకపోతే గట్టి బట్ట. సన్నగా చిటచిటమంటే మెత్తబడింది. వేలు దిగబడితే అది అయిపోయింది. ఈ మూడు రకాలుగా మూటను మూడు కుప్పలు చేస్తే సగం నిర్ణయం అయిపోయినట్టే.

రంగు దిగుతుందా. తెల్ల గుడ్డ తడిపి ముదురు రంగు భాగం మీద కాసేపు అదిమి పట్టండి. రంగు అంటితే ఆ చీరను వేరే చీరలతో కలిపి బొంతలో పెట్టొద్దు, పసిపిల్లల దగ్గరికి తేవద్దు.

మన చేతులు, మన జాగా. డాబా ఉన్న ఇంట్లో ఆరేసినట్టు అపార్ట్‌మెంట్ బాల్కనీలో ఆరేయలేం. సూది పట్టే ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లో ఉన్నారా లేరా అన్నది కూడా బట్టంత ముఖ్యం.

ఆ చీర ఎవరిది. దీన్ని చివర్లో చెప్తాను.

## ఒక్క చూపులో

| దారి | ఏ బట్టకు | ఎంత బలం ఉండాలి | మన శ్రమ | చేతికొచ్చేది |
|---|---|---|---|---|
| బొంత | నూలు | పైపొరకు గట్టివి, లోపలికి మెత్తబడ్డవి | చాలా ఎక్కువ, లేదా కూలి | ఏళ్ళ తరబడి పరుపు, దుప్పటి |
| పిల్లల లంగా, జాకెట్టు | పట్టు, గద్వాల, నారాయణపేట | గట్టి బట్ట | దర్జీ ఖర్చు | పండుగ బట్ట |
| స్టీలు మార్పిడి | నూలు కాక, కట్టుకోదగ్గ ఏ చీరైనా | చినుగు లేనిది | దాదాపు లేదు | ఒక గిన్నె |
| జరీకి అమ్మకం | అసలు జరీ ఉన్న పాత పట్టు | బలంతో పని లేదు | రెండు మూడు చోట్ల అడగడం | డబ్బు |
| ఇంటి వాడకం | నూలు | మెత్తబడ్డది చాలు | కొద్దిగా | మసిబట్ట, తెర, వడగట్టే గుడ్డ |
| చేను కంచె, మంచం అల్లిక | పాలిస్టర్ | గట్టిది | మధ్యస్తం | ఒక పంటకు కంచె, కొన్నేళ్ళ మంచం |
| ఇవ్వడం | ఏదైనా | గట్టి బట్ట మాత్రమే | ఉతికి, మడతపెట్టి అందించడం | ఇంకొకరి ఒంటి మీద చీర |

## బొంత

నూలు చీరలకు దీనికి మించిన దారి నాకు కనిపించలేదు. పాలమూరు నుంచి ముంబై, పుణె పనులకు పోయినవాళ్ళ మూటల్లో గిన్నెలతో పాటు బొంత కూడా పోయింది. సిమెంటు నేల మీద పరిచినా, చలికి కప్పుకున్నా, పిల్లను పడుకోబెట్టినా అదే. దుకాణంలో దొరికే దుప్పటికి ఆ మెత్తదనం రాదు. ఏళ్ళ తరబడి ఉతికిన నూలుకే అది వస్తుంది.

లెక్క చూసుకుందాం. మామూలు చీర ఐదున్నర మీటర్ల పొడవు, సుమారు 1.15 మీటర్ల వెడల్పు. పొడవును మూడు మడతలు వేస్తే 1.8 మీటర్ల పొడవున్న మూడు పొరల పట్టీ వస్తుంది. ఒక మనిషి పడుకునే ఆరు పొరల బొంతకు రెండు చీరలు చాలు. ఇద్దరికి సరిపోయే వెడల్పు కావాలంటే అలాంటి రెండు పట్టీలు పక్కపక్కన జత చేయాలి, అంటే నాలుగు చీరలు. ఇంట్లో ఎన్ని నూలు చీరలున్నాయో చూసుకుని ముందే లెక్క వేసుకోండి. నాలుగు చీరల బొంత అనుకుని మూడింటితో మొదలుపెడితే చివరికి నాలుగోదాని జాగాలో పాలిస్టర్ చీర దూరుతుంది, అది లోపల జారి పొరలన్నీ ఒక మూలకు చేరతాయి.

కుట్టేముందు ప్రతి చీరనూ వేడినీళ్ళలో ఉతికి గంజి మొత్తం పోగొట్టాలి. ఫాల్ విప్పేయాలి. ఫాల్ బట్ట చాలాసార్లు పాలిస్టర్ ఉంటుంది, అది ముడుచుకోదు, నూలు ముడుచుకుంటుంది, రెండూ కలిసి అంచు వంకర పోతుంది. గట్టి చీర పైకీ కిందికీ, మెత్తబడ్డవి మధ్యలోకి. నేల మీద పరిచి, చేత్తో ముడతలు తీసి, నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు జానెడు జానెడు దూరంలో పెద్ద కుట్లు వేసి పొరల్ని కట్టిపడేయాలి. ఆ తర్వాతే అసలు కుట్టు. అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావడం మన ఊళ్ళలో పాత పద్ధతి. దానివల్ల అంచు ముందే గట్టిపడి, తర్వాత మధ్యలో ఎంత లాగినా బొంత వంకర తిరగదు. లావు నూలు దారం వాడండి. నైలాన్ దారం బట్టకంటే గట్టిది, పాత బట్టను అదే కోస్తుంది.

మిషన్ కుట్టు వేయించమని కొందరు అంటారు. తొందరగా అవుతుంది, నిజమే. కానీ మిషన్ సూది దగ్గర దగ్గరగా చిల్లులు పెడుతుంది. మెత్తబడ్డ బట్టకు ఆ చిల్లుల వరుసే చినుగు దారి అవుతుంది. బలమైన చీరలైతే మిషన్, పాతవైతే చెయ్యి.

కుట్టే ఓపిక లేనివాళ్ళు కూలికి ఇవ్వొచ్చు. బొంతలు కుట్టి బతికే ఆడవాళ్ళు చాలా ఊళ్ళలో ఉన్నారు. ధర ఊరికీ ఊరికీ, సైజుకూ కుట్టు దగ్గరదనానికీ మారుతుంది కాబట్టి ముందే మాట్లాడుకోండి, దారం ఎవరిదో కూడా తేల్చుకోండి. రోజుల తరబడి వంగి చేసే పని ఇది. బేరం ఆడే ముందు ఆ నడుము గుర్తు పెట్టుకోవాలి.

బొంత ఎవరికి నప్పదంటే, ఎండ తగిలే జాగా లేనివాళ్ళకు. ఆరు పొరల బొంత తడిస్తే బరువెక్కుతుంది, ఉతకడం కష్టం, నీడలో ఆరేస్తే ముక్కవాసన పడుతుంది. హైదరాబాద్‌లో ఎల్బీనగర్, వనస్థలిపురం ఫ్లాట్లలో ఉన్న మన జిల్లా వాళ్ళకు నేను చెప్పేది మూడు పొరల పలచటి బొంత. ఒక్క చీర మూడు మడతలు, అంతే. ఏసీ గదిలో కప్పుకోవడానికి సరిగ్గా సరిపోతుంది, బాల్కనీ తీగ మీద ఆరుతుంది, పిల్లలు ఊరి నుంచి వస్తే నేల మీదా పరచొచ్చు.

## పిల్లల లంగా, జాకెట్టు

పట్టు చీరలకూ మన గద్వాల, నారాయణపేట చీరలకూ ఇది మంచి దారి, ఒక షరతుతో: బట్ట గట్టిదై ఉండాలి. చీలడం మొదలైన పట్టుకు లైనింగు వేసి కుట్టినా మూడో పండుగకు చేతికొస్తుంది.

గద్వాల చీరలో ఒక సౌలభ్యం ఉంది. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే పేక దారాలు ఒకదానిలో ఒకటి మెలిపడేలా కలుపుతారు. ఒళ్ళు చినిగిపోయినా అంచు చాలాసార్లు బాగానే ఉంటుంది. తాతమ్మల నాటి చీర కాకపోతే ఆ అంచును కత్తిరించి కొత్త బట్టకు వేసుకోవచ్చు. కత్తిరించేటప్పుడు అతుకు దగ్గర కాకుండా ఒళ్ళు వైపు అరంగుళం వదిలి కోయమని దర్జీకి చెప్పండి. అతుకు మీదే కత్తెర పడితే మెలిక విడిపోయి అంచు దారాలుగా ఊడుతుంది.

పోచంపల్లి ఇక్కత్ దారి వేరు. నేయకముందే దారానికి రంగు అద్దుతారు కాబట్టి బట్టకు రెండు వైపులా ఒకే బొమ్మ. తలగడ గలేబులకు, గుమ్మం తెరలకు, సంచులకు అది చక్కగా పనికొస్తుంది, ఏ వైపు తిప్పినా తిరగేసినట్టు కనిపించదు.

లంగా కుట్టించేటప్పుడు కిందంచుకు పైన లోపలివైపు రెండు మూడు టక్కులు పెట్టించండి. పిల్ల పెరిగేకొద్దీ ఒక్కోటి విప్పుకుంటే అదే లంగా ఇంకో రెండేళ్ళు వస్తుంది. మడత పడ్డ గీతలు కుచ్చుల్లోకి పోయేలా, తెరిచి కనిపించే చోటికి రాకుండా బట్ట కోయించాలి. లైనింగు నూలుదే వేయించండి, మన ఎండలకు ఇంకోటి తట్టుకోదు.

కుట్టు కూలీ, లైనింగు కలిపితే కొత్త రెడీమేడ్ లంగా ధరకు దగ్గరగా వచ్చే సందర్భాలున్నాయి. డబ్బు మిగలాలన్నదే మీ ఉద్దేశమైతే ఈ దారి వద్దు. అమ్మమ్మ పెళ్ళి చీర మనవరాలి ఒంటి మీద చూడాలనుకుంటే మాత్రం ఆ ఖర్చు లెక్కలోకి రాదు.

## స్టీలు సామాన్ల మార్పిడి

మధ్యాహ్నం వేళ గంపనిండా గిన్నెలతో వాకిట్లోకి వచ్చే ఆమెకు చీరలు చూపిస్తే, గుండ్రంగా చుట్టూ తిప్పి చూసి, పక్కన పెట్టి, "ఇంకొక్క చీర ఎయ్యి అక్కా, గీ డబ్బా నీదే" అంటుంది. ఆ ఒక్కటి వేశాక ఇంకొకటి. ఇందులో మోసం ఏమీ లేదు, అది బేరం. ఆమె ఆ చీరల్ని బాగుచేసి పాత బట్టల అంగళ్ళకు అమ్మితేనే ఆమె ఇల్లు గడుస్తుంది. మీరు కట్టని చీర ఇంకొకరు కట్టుకుంటారు. బట్ట బట్టగానే బతుకుతుంది కాబట్టి ఈ దారికి నా దగ్గర గౌరవం ఉంది.

మీరు నష్టపోకుండా ఉండాలంటే ఒక్కటే: గిన్నెను చేత్తో ఎత్తి బరువు చూడండి, వీలైతే వంటింటి తక్కెడ మీద పెట్టండి. స్టీలు సామాను దుకాణంలో కిలో లెక్కన దొరుకుతుంది. ఆ ధర తెలిస్తే మీ నాలుగు చీరలకు ఎంత వస్తోందో మీకే అర్థమవుతుంది. అడుగు పలచగా ఉన్న గిన్నె పొయ్యి మీద మాడుతుంది, అలాంటిది వస్తే పప్పులు పోసుకోవడానికి వాడుకోండి.

ఇంట్లో సూది పట్టేవాళ్ళు లేనివాళ్ళకు, జాగా లేనివాళ్ళకు, నిర్ణయం ఇవాళే అయిపోవాలనుకునేవాళ్ళకు ఇది సరైన దారి. నూలు చీరలు మాత్రం వేయకండి. వాటికి ఇంట్లో ఇంతకంటే మంచి పని ఉంది, పైగా పాత నూలు చీరకు బదులుగా వచ్చేది తక్కువే.

## జరీ కోసం అమ్మడం

"పాత పట్టు చీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్ళకు కావాల్సింది పట్టు కాదు, జరీలోని వెండి. అసలు జరీ అంటే దారం మీద సన్నటి వెండి తీగ చుట్టి, బంగారు పూత పూసింది. చీరను కాల్చి ఆ వెండి తీస్తారు. నకిలీ జరీలో రాగి తీగ ఉంటుంది, ఈ మధ్య వచ్చేవాటిలో ఎక్కువ ప్లాస్టిక్ పొరే.

ఇంట్లో చేసుకునే చిన్న పరీక్ష: జరీ పోగు ఒకటి లాగి గరుకు రాయి మీద గీకండి. తీగలోనే ఎర్రటి రాగి మెరుపు కనిపిస్తే అది వెండి జరీ కాదు. నిప్పుకు కరిగి ముడుచుకుంటే ప్లాస్టిక్. ఈ రెండూ కాకపోతే వాకిట్లో ఇవ్వకుండా వెండి పని చేసే ఇద్దరి దగ్గర చూపించి, ఆ రోజు వెండి ధర తెలుసుకుని, అప్పుడు అమ్మండి.

ఒళ్ళు మొత్తం చీలిపోయి, అంచు కూడా ఊడిపోయిన చీరకు ఈ దారి సరైనదే. అంచు బాగున్న చీరను మాత్రం కాల్చడానికి ఇవ్వొద్దని నా మాట. నేసిన మనిషి పనితనం పోయి చేతికి నాలుగు డబ్బులు మిగలడం సరైన బేరం కాదు.

## ఇంట్లోనే వాడుకోవడం

ఎండాకాలం రాగానే మెత్తబడ్డ నూలు చీరకు పని మీద పని. డాబా మీద పరిచి దాని మీదే వడియాలు పెట్టుకోవచ్చు. ఎండాక బట్టను తిప్పి వెనక నీళ్ళు చిలకరిస్తే వడియం విరగకుండా ఊడొస్తుంది. రంజన్ కుండ చుట్టూ తడిబట్ట చుడితే నీళ్ళు ఇంకా చల్లబడతాయి. కొన్నేళ్ళు 45 డిగ్రీలు దాటే నల్లగొండ ఎండలకు కిటికీకి తడిపిన నూలు చీర కడితే గాలి చల్లగా వస్తుంది. మన ఎండ పొడిగా ఉంటుంది కాబట్టే ఇది పనిచేస్తుంది, వానాకాలం ఉక్కలో చేస్తే గది ఇంకా ఉక్కపోస్తుంది.

మసిబట్టకు నూలు తప్ప ఇంకేదీ వద్దు. పాలిస్టర్ గుడ్డతో వేడి గిన్నె దించితే అది కరిగి చేతికి అంటుకుంటుంది. పొయ్యి దగ్గర ఒక్క పాలిస్టర్ పీలికా ఉండకుండా చూసుకోండి.

నీళ్ళు వడగట్టే విషయం కొంచెం వివరంగా చెప్పాలి, మన జిల్లాల్లో ఫ్లోరైడ్ బాధ ఉంది కాబట్టి. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం చేసి 2003లో ప్రచురించిన పరిశోధనలో, పాత నూలు చీరను పొరలు పొరలుగా మడిచి చెరువు నీళ్ళు వడగట్టిన ఇళ్ళలో కలరా 48 శాతం తగ్గింది. ఉతికి ఉతికి పోగులు విచ్చుకున్న పాత బట్ట కొత్తదానికంటే బాగా వడగడుతుంది. కలరా క్రిములు నీళ్ళలోని సూక్ష్మజీవులకు అంటుకుని ఉంటాయి, అవి బట్టలో చిక్కుకుంటాయి. ఫ్లోరైడ్ అలాంటిది కాదు, ఉప్పులాగే నీళ్ళలో కరిగి ఉంటుంది. ఎన్ని పొరల చీర పెట్టినా, ఎంత మరగబెట్టినా పోదు. మరగబెడితే నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. మునుగోడు, మర్రిగూడ దిక్కు ఆ హద్దు దాటిన బోర్లతో తరాలు తరాలు ఎముకలు వంగిపోయి బతికాయి. కాబట్టి చీరతో వడగట్టిన బోరు నీళ్ళు తేటగా ఉన్నాయని తాగొద్దు. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్ళే, వడగట్టిన నీళ్ళు మిగతా పనులకు.

పసిపిల్లలకు పొత్తిగుడ్డలు పాత నూలు చీరవే మంచివి. వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేసి, రంగు దిగనివే వాడండి. తొట్టెల కట్టడానికి మాత్రం పాత చీర అస్సలు వద్దు. పిల్ల బరువంతా ముడి దగ్గర ఒక్క చోట పడుతుంది, మెత్తబడ్డ బట్ట ఉన్నట్టుండి చీలుతుంది. తొట్టెలకు గట్టి నూలు చీర పక్కన పెట్టుకోండి, పెద్ద పిల్లలు దానిలో మెలికలు తిప్పుకుంటూ ఊగకుండా కనిపెట్టి ఉండండి. మెడకు చుట్టుకుని ప్రాణాలు పోయిన ఘటనలున్నాయి.

## పాలిస్టర్ చీరలు: చేను కంచె, మంచం

బొంతకు జారుతుంది, మసిబట్టకు కరుగుతుంది, చెమట పీల్చదు. పాలిస్టర్ చీరతో చిక్కు ఇదే. కానీ దానికి బలం ఉంది, ఆ బలానికి సరిపోయే పని వెతకాలి.

పల్లీ, మక్క చేన్ల చుట్టూ కర్రలు పాతి చీరలు కట్టడం ఇప్పుడు పాలమూరు దారుల్లో ఎటు చూసినా కనిపిస్తుంది. అడవి పందుల కోసం. గాలికి బట్ట కదిలినప్పుడు, చప్పుడైనప్పుడు అవి కొన్నాళ్ళు జంకుతాయి. పంది చూపు మందం, వాసనా వినికిడీ బలం. అది చీరకు అలవాటు పడ్డాక రంగును లెక్క చేయదు. కాబట్టి పంట చేతికొచ్చే ఆఖరి నెలలోనే కట్టండి, విత్తిన రోజు నుంచి కట్టి ఉంచితే కోతకు వచ్చేసరికి భయం పోతుంది. కరెంటు తీగకు ఎగిరి తగిలే చోట కట్టొద్దు. కంచెకు నేరుగా లైను కరెంటు పెట్టడం నేరం, మనుషుల ప్రాణాలు తీసే పని.

పంట కోశాక ఆ చీరలన్నీ విప్పి తెచ్చేయాలి. ఎండకు పొడిబారిన పాలిస్టర్ పీలికలై మట్టిలో కలిసిపోతుంది, కుళ్ళదు. మేతలో పడితే పశువు కడుపులో చేరుతుంది. విప్పే ఓపిక లేకపోతే కంచె కట్టొద్దనే నేనంటాను.

ఇంకో దారి మంచం అల్లిక. పాలిస్టర్ చీరను నిలువుగా మూడు పాయలు చేసి జడలా అల్లితే మంచి తాడు వస్తుంది. నులక మంచం తెగిపోతే దానితో అల్లుకోవచ్చు. మొదట్లో సాగుతుంది, కాళ్ళవైపు తాడు నాలుగైదుసార్లు బిగించుకోవాలి. నీళ్ళకు పాడవదు కాబట్టి బయట వేసుకునే మంచానికి బాగుంటుంది. అదే జడతో గుమ్మం దగ్గర పట్టా కూడా కుట్టుకోవచ్చు. కాళ్ళ మట్టి దులుపుకోవడానికి పనికొస్తుంది, తడి మాత్రం తుడవదు.

## ఇవ్వడం

గట్టిగా ఉన్న చీరను కట్టుకునేవాళ్ళకు ఇవ్వడం అన్నిటికన్నా తేలిక, చాలాసార్లు అన్నిటికన్నా మేలు. ఉతికి, ఇస్త్రీ చేసి, ఫాల్ ఊడితే కుట్టి, జత జాకెట్టు గుడ్డతో ఇవ్వండి. మనం కట్టుకుని గడప దాటలేని చీరను ఇంకొకరి చేతిలో పెట్టకూడదు.

## మీరు ఎవరైతే ఏది

డాబా, ఖాళీ మధ్యాహ్నాలు, సూది పట్టే పెద్దవాళ్ళు ఉన్న ఊరి ఇంటికి నూలంతా బొంతలకే. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు అవుతుంది. ఇద్దరూ ఉద్యోగాలకు పోయే పట్నం ఇంటికి ఒక్క పలచటి బొంత కూలికి కుట్టించుకుని, మిగతా గట్టి చీరలు ఇచ్చేయడం మంచిది. పొలం ఉన్నవాళ్ళు పాలిస్టర్‌కు బయట ఎక్కడా వెతకక్కర్లేదు. ఇంట్లో కాన్పు ఉంటే మెత్తటి నూలు ఒక్క పీలిక కూడా ఎవరికీ వేయొద్దు, మొదటి ఆరు నెలలకు ఎంత ఉన్నా చాలదు.

రెండు దారుల మధ్య నిజంగా తేలకపోతే చీరను మళ్ళీ చీరగా ఉంచే దారి ఎంచుకోండి. కత్తెర పడ్డ బట్ట వెనక్కి రాదు, ఇచ్చిన చీర ఇంకో పదేళ్ళు కట్టుకున్నాక కూడా బొంత కావచ్చు.

## కత్తెర పెట్టకూడని చీరలు

చనిపోయిన అమ్మ చీరల మీద ఇంట్లో ఒక్కరే నిర్ణయం తీసుకోవద్దు. అక్కచెల్లెళ్ళు, కోడళ్ళు అందరూ కూర్చున్న రోజే మూట విప్పండి. ఎవరికి ఏది కావాలో ముందు అడిగి, మిగిలినవాటితో అందరికీ తలా ఒక చిన్న బొంత వచ్చేలా కుట్టించిన ఇళ్ళు నాకు తెలుసు. ఒక్కో బొంతలో అన్ని చీరల ముక్కలూ పడేలా కోశారు. పంచుకోవడానికి అంతకంటే న్యాయమైన పద్ధతి నేను చూడలేదు.

ఇక, తాతమ్మల కాలంలో చేతి మగ్గం మీద నేసిన గద్వాల, నారాయణపేట చీరలు, పుట్టపాకలో నేసే తేలియా రుమాల్ ఇక్కత్ బట్ట లాంటివి ఇంట్లో ఉంటే, చినిగినా సరే కోయకండి. తేలియా రుమాల్ దారాన్ని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి సిద్ధం చేస్తారు. ఆ పని చేతనైన ఇళ్ళు కొద్దిగానే మిగిలాయి. అలాంటి బట్టను ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు, ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమ లోపలే ఉండిపోతుంది. మూడు నాలుగు నెలలకోసారి బయటికి తీసి, నీడలో గాలికి ఆరనిచ్చి, పాత గీత మీద కాకుండా కొత్త చోట మడత వేసి పెట్టండి.